పెట్టె మీది 96 శాతం ఎవరి లెక్క?

ప్రశ్న: రాజోలు దగ్గర ఒక చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మేం వాడే కరోనా ర్యాపిడ్ యాంటీజెన్ కిట్ పెట్టె మీద సెన్సిటివిటీ 96 శాతం, స్పెసిఫిసిటీ 99 శాతం అని ఉంది. పాత రిజిస్టరు తీసి చూస్తే, మా దగ్గర యాంటీజెన్ చేసి ఆర్టీపీసీఆర్‌కి కూడా పంపినవాళ్ళు 50 మంది తేలారు. ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ వచ్చిన 20 మందిలో మా కిట్ పట్టుకున్నది 13 మందినే. నెగెటివ్ వచ్చిన 30 మందిలో ఒకరికి మా దగ్గర గీత పడింది. కిట్ నకిలీదా, మా చేతి లోపమా? దగ్గర్లోని రొయ్యల ప్లాంటు వాళ్ళు 500 మంది పనివాళ్ళకు పరీక్ష చేసి సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు, ఇవ్వచ్చా? కిట్ సత్తా మా స్థాయిలో తేల్చుకునే దారి ఉందా? గీత మసకగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా ఎలా రాయాలి?

సమాధానం: సెన్సిటివిటీ అంటే వ్యాధి ఉన్న నూరుగురిలో కిట్ ఎందరిని పట్టుకుంటుందో, స్పెసిఫిసిటీ అంటే వ్యాధి లేని నూరుగురిలో ఎందరికి సరిగ్గా నెగెటివ్ చూపిస్తుందో చెప్పే అంకెలు. మీ అంకెలు చూసి కిట్ నకిలీదని అనలేం. పెట్టె మీది అంకె అబద్ధమనీ అనలేం. మీ అంకె, పెట్టె మీది అంకె రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఎలాగో చెప్పాలంటే ముందు ఆ 96 శాతం ఎవరిని పరీక్షిస్తే వచ్చిందో అడగాలి. పెట్టెలో మడతపెట్టి పెట్టిన కరపత్రం ఉంటుంది కదా, చాలా ల్యాబుల్లో అది మొదటి రోజే చెత్తబుట్టలోకి పోతుంది. దాన్ని విప్పి, పనితీరు గురించి రాసిన భాగం చదవండి. ఎంతమంది పాజిటివ్ రోగుల మీద పరీక్షించారు, వాళ్ళకు లక్షణాలు మొదలై ఎన్ని రోజులైంది, ఆర్టీపీసీఆర్‌లో సీటీ విలువ (వైరస్ ఎంత ఉందో సూచించే అంకె, కింద వివరిస్తాం) ఎంతవరకు ఉన్నవాళ్ళను లెక్కలోకి తీసుకున్నారు, స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) ముక్కు ముందు భాగం నుంచి తీశారా, ముక్కు వెనక గొంతు కలిసే చోటు నుంచి తీశారా, తాజా నమూనాలా, ఫ్రీజర్‌లో దాచినవా: ఇవి అందులో దొరకాలి. దొరకలేదంటే ఆ 96ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మన దేశంలో ఈ కిట్లు మొదలైనప్పుడే ఈ తేడా కళ్ళకు కట్టింది. 2020 జూన్ 14న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మొదటి యాంటీజెన్ కిట్‌ వాడకానికి సలహాపత్రం ఇచ్చింది. ఎస్‌డీ బయోసెన్సర్ కంపెనీది, మానేసర్‌లో తయారయ్యేది. ఐసీఎంఆర్, ఎయిమ్స్ విడివిడిగా పరీక్షిస్తే స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం వచ్చింది. సెన్సిటివిటీ మాత్రం 50.6 నుంచి 84 శాతం దాకా ఉంది, రోగిలో వైరస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి. ఒకే కిట్‌కు ఇంత తేడా! అందుకే పాజిటివ్ వస్తే పాజిటివ్‌గానే తీసుకోమనీ, లక్షణాలుండి నెగెటివ్ వస్తే తప్పకుండా ఆర్టీపీసీఆర్‌కి పంపమనీ ఆ పత్రంలోనే రాశారు. వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2021 మార్చిలో తెచ్చిన సమీక్ష, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి ఇచ్చిన సగటులు ఇవి: సెన్సిటివిటీ లక్షణాలున్నవాళ్ళలో 72 శాతం, లక్షణాలు లేనివాళ్ళలో 58.1 శాతం. లక్షణాలు మొదలైన మొదటి వారంలో 78.3, రెండో వారంలో 51. స్పెసిఫిసిటీ 99.6.

ఎందుకిలా? ఈ క్యాసెట్ (చుక్కలు వేసే, గీత పడే ప్లాస్టిక్ పట్టీ) వెతికేది వైరస్ లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రొటీన్‌ని. ముక్కులో నుంచి వచ్చిన ప్రొటీన్ ఎంతో, అంతే. దాన్ని పెంచే ఏర్పాటు క్యాసెట్‌లో లేదు. బంగారు రేణువులకు అంటించిన యాంటీబాడీలు ఆ ప్రొటీన్‌ని పట్టుకుని కాగితం వెంట పాకి, టీ గీత (ఫలితం చెప్పే గీత) దగ్గర కంటికి కనిపించేంత గుంపు కట్టాలి. ఆర్టీపీసీఆర్ అలా కాదు, వైరస్ జన్యుపదార్థాన్ని రెట్టింపు మీద రెట్టింపు చేస్తూ పోతుంది. మీ వైపు చెరువుల వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. రొయ్య సీడ్‌కు తెల్లమచ్చ పరీక్ష చేయిస్తే, వైరస్ ఎక్కువున్న పిల్ల ఫస్ట్ స్టెప్‌లోనే పాజిటివ్ వస్తుంది, తక్కువున్నది రెండో స్టెప్ అయిన నెస్టెడ్ పీసీఆర్‌లో గానీ బయటపడదు. ఫస్ట్ స్టెప్ నెగెటివ్ అనగానే సీడ్ శుభ్రమని ఏ అనుభవమున్న రైతూ చెరువులో వదలడు. యాంటీజెన్ కిట్ నెగెటివ్‌ని కూడా అలాగే చూడాలి.

ఇక సీటీ విలువ. ఎన్ని చక్రాలు తిప్పితే వైరస్ జాడ బయటపడిందో చెప్పే అంకె అది. అంకె పెరిగేకొద్దీ వైరస్ తక్కువున్నట్టు. సుమారు 3.3 చక్రాలకు పది రెట్లు తేడా, అంటే సీటీ 20 ఉన్న రోగి ముక్కులో సీటీ 30 ఉన్న రోగికంటే సుమారు వెయ్యి రెట్ల వైరస్ ఉంటుంది. కోక్రేన్ సమీక్షలో సీటీ 25 లేదా అంతకు తక్కువ ఉన్నవాళ్ళను ఈ కిట్లు సగటున 94.5 శాతం పట్టుకున్నాయి, 25 దాటినవాళ్ళను 40.7 శాతమే. ఇప్పుడు మీ 20 మందిని చూడండి. వాళ్ళలో 9 మందికి సీటీ 25 లోపు, 11 మందికి ఆ పైన ఉందనుకుందాం. 9లో 94.5 శాతం అంటే ఎనిమిదిన్నర, 11లో 40.7 శాతం అంటే నాలుగున్నర. కలిపితే 13. మీకు వచ్చిందీ 13. నిజంగా మీ దగ్గర అలాగే జరిగిందని మేం చెప్పడం లేదు. ఏ లోపమూ లేని సగటు కిట్‌తో, తప్పులేని చేతితో కూడా మీ అంకె రావచ్చని చూపిస్తున్నాం. పెట్టె మీద 96 వేసిన కంపెనీ సీటీ తక్కువున్న రోగులనే ఎంచుకుని ఉంటే వాళ్ళ అంకె కూడా నిజమే. కాబట్టి ముందు తప్పిపోయిన ఆ 7 మంది సీటీ విలువలూ, లక్షణాలు మొదలైన తేదీలూ తెప్పించుకుని పేర్ల పక్కన రాయండి. ఏడుగురికీ 30 దాటి ఉంటే కిట్‌ని అనుమానించాల్సిన పని లేదు. అందులో ఇద్దరు ముగ్గురికి 18, 20 ఉంటే మాత్రం కిట్‌లోనో, దాన్ని దాచిన చోటులోనో, స్వాబ్ తీసిన చేతిలోనో తేడా ఉంది. ఒక్క జాగ్రత్త: ఒక ల్యాబ్ సీటీని మరో ల్యాబ్ సీటీతో పోల్చకండి. యంత్రం, రీఏజెంట్, వెతికిన జన్యువు మారితే అంకె మారుతుంది.

మీ లెక్కలో ఇంకో రెండు చిక్కులున్నాయి. మొదటిది సంఖ్య. 20లో 13 అంటే 65 శాతం. కానీ ఇంత చిన్న గుంపులో అసలు సెన్సిటివిటీ 41 నుంచి 85 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 30లో 29 సరిగ్గా నెగెటివ్ రావడం 96.7 శాతం, అసలు విలువ 83 నుంచి దాదాపు 100 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగే కనీస ప్రమాణం సెన్సిటివిటీ 80, స్పెసిఫిసిటీ 97 శాతం. మీ అంకెలను బట్టి మీ కిట్ ఆ గీత దాటిందనీ చెప్పలేం, దాటలేదనీ చెప్పలేం.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఆ 50 మందిని ఆర్టీపీసీఆర్‌కి ఎందుకు పంపారు? మామూలుగా ఎక్కడైనా పాజిటివ్ వచ్చినవాళ్ళను మళ్ళీ పంపరు. నెగెటివ్ వచ్చి, జ్వరం దగ్గు తగ్గక, డాక్టరు గారికి అనుమానం పోని వాళ్ళనే పంపుతారు. ఆ రోజుల్లో నిబంధన కూడా అదే. అలా చేస్తే కిట్ తేలిగ్గా పట్టుకున్న పాజిటివ్‌లు చాలావరకు ఆర్టీపీసీఆర్ లెక్కలోకి రానే రావు, తప్పిపోయినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే వచ్చి చేరతారు. సెన్సిటివిటీ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. పాత రిజిస్టర్లు తిరగేసి కిట్ల మీద తీర్పులు చెప్పేవాళ్ళందరూ కాలు జారేది ఇక్కడే. రిజిస్టరులో ‘ఎందుకు పంపాం’ అన్న గడి లేకపోతే ఆ 65 శాతాన్ని ఎవరికీ చెప్పకండి, ప్లాంటు మేనేజరుకు అసలే చెప్పకండి.

ఇప్పుడు చేతి సంగతి. క్యాసెట్ మీద సీ గీత (కంట్రోల్ గీత) పడితే పరీక్ష బాగా జరిగినట్టేనని చాలామంది నమ్మకం. సీ గీత చెప్పేది ఒక్కటే, ద్రవం కాగితం వెంట చివరిదాకా పాకిందని. పుల్ల ముక్కుకు తగిలిందో లేదో దానికి తెలియదు. ఒట్టి బఫర్ (నమూనా కలిపే ద్రవం) మూడు చుక్కలు వేసినా సీ గీత చక్కగా పడుతుంది. అందుకే నాసిరకం స్వాబ్ తప్పు ఎప్పటికీ బయటపడదు, నెగెటివ్‌గా రిపోర్టులోకి వెళ్ళిపోతుంది.

ముక్కు ముందు భాగం నుంచి తీసే కిట్ అయితే పుల్లను రెండు మూడు సెంటీమీటర్లు, అడ్డు తగిలేదాకా పోనిచ్చి, లోపలి గోడకు ఆనించి ఐదుసార్లు తిప్పాలి. అదే పుల్లతో రెండో ముక్కులోనూ అంతే. ముక్కు కారుతుంటే ముందు చీదించండి, చీమిడి ముద్దలా వస్తే కాగితం మీద సరిగ్గా పాకదు. లోతుగా తీసే కిట్ అయితే పుల్లను కంటివైపు పైకి ఎత్తకుండా, నేలకు సమాంతరంగా చెవివైపు పోనివ్వాలి. పైకి గుచ్చితే నొప్పి పుట్టి రోగి తల వెనక్కి లాక్కుంటాడు, మీరు సగంలో ఆపేస్తారు. ఒక కిట్ పుల్ల ఇంకో కిట్‌కి, ఒక కిట్ బఫర్ ఇంకో కిట్‌కి వాడకండి. బఫర్‌లో ఉప్పు, డిటర్జెంట్ పాళ్ళు ఆ కాగితానికి తగ్గట్టు కలిపి ఉంటాయి.

బఫర్ గొట్టంలో పుల్లను కరపత్రంలో చెప్పినన్ని సార్లు తిప్పి, గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పిండుతూ బయటకు తీయండి. ముంచి తీసేస్తే సగం నమూనా దూదిలోనే ఉండిపోతుంది. చుక్కలు రెండా మూడా అన్నది కిట్‌ని బట్టి మారుతుంది. బుడగ పడితే అది చుక్క కాదు, మళ్ళీ వేయాలి. ఎక్కువ వేస్తే ద్రవం పొంగి గీతలు చెదురుతాయి, తక్కువ వేస్తే మధ్యలో ఆగిపోతుంది.

ఇంకో తప్పు చాలాచోట్ల జరుగుతుంది, మీ దగ్గర జరిగిందేమో చూసుకోండి. రోగిని రెండోసారి ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, ఒక్క పుల్లే తీసి ఆర్టీపీసీఆర్ కోసం వీటీఎం (వైరస్ చెడకుండా రవాణా చేసే ద్రవం) గొట్టంలో వేసి, అందులోంచే కొంచెం తీసి యాంటీజెన్ క్యాసెట్ మీద వేస్తారు. వీటీఎం సుమారు 3 మిల్లీలీటర్లు, కిట్ బఫర్ సుమారు మూడోవంతు మిల్లీలీటరు. నమూనా తొమ్మిది పది రెట్లు పలచన అయిపోతుంది. సీటీ లెక్కలో మూడు చక్రాలు వెనక్కి పోయినట్టే. వీటీఎం వాడచ్చని కరపత్రంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆ పని చేయకండి.

గోదావరి జిల్లాల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి వేడి, తేమ. దాదాపు అన్ని కిట్లూ 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని అడుగుతాయి. మే నెలలో రాజమండ్రి నుంచి కొరియర్ వ్యానులో, ఆ తర్వాత స్కూటర్ డిక్కీలో వచ్చిన పెట్టె 40 డిగ్రీలు దాటి ఎన్ని గంటలు ఉడికిందో మీకు తెలియదు. యాంటీబాడీలు ప్రొటీన్లే, వేడికి పాడైతే టీ గీత సన్నబడుతుంది. సీ గీత మాత్రం మామూలుగానే పడి మనల్ని మోసం చేయవచ్చు. కిట్లు ఉంచే బీరువాలో కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటర్ ఒకటి పెట్టి, పొద్దున తాళం తీయగానే రెండు అంకెలూ రాయండి. కరెంటు పోయి ఏసీ ఆగిన రాత్రి సంగతి అదే చెబుతుంది. ఫ్రిజ్‌లో దాస్తే, వాడే ముందు అరగంట బయట పెట్టి గది వేడికి రానివ్వండి. చల్లటి క్యాసెట్ మీద నేరుగా చుక్కలు వేస్తే కొన్ని కిట్లలో తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. వానాకాలంలో రేకు సంచిని ముందే చించి వరుసగా పేర్చుకోవద్దు. కాగితం గాలిలోని తేమ పీల్చేస్తే ద్రవం పాకే వేగం మారిపోతుంది. రోగి కుర్చీలో కూర్చున్నాకే సంచి చించండి. లోపలి సిలికా జెల్ పొట్లం రంగు మారి ఉంటే ఆ క్యాసెట్ పక్కన పెట్టేయండి.

మసక గీత గురించి అడిగారు. చదవాల్సిన సమయంలోపు కనిపిస్తే, ఎంత సన్నగా ఉన్నా అది పాజిటివే. ముదురు గీత అంటే వైరస్ ఎక్కువ, మసక గీత అంటే తక్కువ, అంతేగానీ మసక గీతను ‘సందేహం’ అని రాయకూడదు. సమయం దాటాక వచ్చిన గీతకు విలువ లేదు. తడి ఆరుతున్నప్పుడు రంగు వెనక్కి పాకి గీతలా నిలబడుతుంది. ఎస్‌డీ బయోసెన్సర్ స్టాండర్డ్ క్యూ కిట్‌కు 15 నుంచి 30 నిమిషాల మధ్య చదవాలి. ఇంటి పరీక్షగా 2021 మేలో ఐసీఎంఆర్ అనుమతి పొందిన మైల్యాబ్ వాళ్ళ కోవిసెల్ఫ్‌కు 15 నిమిషాలు, 20 దాటితే చెల్లదు. మీ కిట్‌ది మీ కరపత్రంలో చూడండి. రద్దీ రోజున పదిమందికి వరసగా వేసి చివర్లో అన్నీ కలిపి చూస్తే మొదటివాళ్ళది సమయం దాటిపోతుంది. క్యాసెట్ అంచు మీద చుక్కలు వేసిన సమయం పెన్నుతో రాసి, సమయం కాగానే ఫోనుతో ఫొటో తీసుకోండి. మీకు గీత పడిన ఆ ఒక్క తప్పుడు పాజిటివ్ ఇలా ఆలస్యంగా చదివిందేమో ఇప్పుడు తేల్చలేం, ఇకముందు ఫొటో తేలుస్తుంది. పరీక్షకు కూల్‌డ్రింకో నిమ్మరసమో వాడి గీత పడిందని చూపించే వీడియోలు మీ దాకా వచ్చే ఉంటాయి. పుల్లటి ద్రవం యాంటీబాడీలను చెడగొట్టి గీత కట్టిస్తుంది. బఫర్ వాడి చేసే అసలు పరీక్షకు దానితో సంబంధం లేదు.

ఇక మీ స్థాయిలో కిట్‌ని తూకం వేసే పద్ధతి. ముందు నిర్ణయించుకోవాల్సింది, ఎవరికి వాడబోతున్నారో వాళ్ళ మీదే పరీక్షించాలి. జ్వరంతో వచ్చేవాళ్ళకు వాడే కిట్‌ని, లక్షణాలు మొదలై 7 రోజులు దాటని వాళ్ళ మీద తూచండి. ఐసీయూలో ఉన్న నిర్ధారిత రోగులను ఒకవైపు, ఆరోగ్యంగా తిరిగే నర్సింగ్ విద్యార్థులను ఇంకోవైపు పెట్టి తూస్తే అంకెలు ముచ్చటగా వస్తాయి, పనికి మాత్రం రావు. వచ్చినవాళ్ళను వచ్చిన వరుసలో, ఎవరినీ ఏరకుండా తీసుకోండి. రెండు పుల్లలు ఎందుకో వాళ్ళ భాషలో చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఒకే కూర్చోబెట్టడంలో రెండు పుల్లలు తీయాలి, ఒకటి కిట్‌కి, ఒకటి వీటీఎంకి. ఎప్పుడూ మొదటి పుల్లే కిట్‌కి పోతే కిట్‌కి మంచి నమూనా దక్కుతుంది. అందుకని సరి సంఖ్య రోగికి కిట్ ముందు, బేసి సంఖ్య రోగికి వీటీఎం ముందు అని పెట్టుకోండి. వీటీఎం గొట్టం 2 నుంచి 8 డిగ్రీల్లో, ఐసు పెట్టెలో, 72 గంటల లోపు ఆర్టీపీసీఆర్ ల్యాబ్‌కి చేరాలి. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల లాంటి చోటికి పంపేటట్టయితే ముందే మాట్లాడి, ఫలితంతోపాటు సీటీ, వెతికిన జన్యువు పేరు కూడా ఇమ్మని అడగండి. మొత్తం అన్ని నమూనాలూ ఒకే ల్యాబ్‌కే పోవాలి. కిట్ పాజిటివ్ అయినా నెగెటివ్ అయినా అందరివీ పంపాలి, మీ పాత రిజిస్టరులోని చిక్కు మళ్ళీ రాకుండా ఉండేది దీనివల్లే.

గీత చదివేవాళ్ళు ఇద్దరుండాలి. ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా, ఆర్టీపీసీఆర్ ఫలితం రాకముందే రాసి సంతకం పెట్టాలి. ఫలితం తెలిశాక చూస్తే మసక గీత ముదురుగా కనిపిస్తుంది, మనిషి కన్ను అలాంటిది. ఇద్దరి మధ్య తేడా వచ్చిన క్యాసెట్లు ఎన్నో లెక్క పెట్టండి, అది మీ కిట్ గురించి చాలా చెబుతుంది. సీ గీత పడని క్యాసెట్లను పారేసి మళ్ళీ చేసి ఊరుకోకుండా, ‘చెల్లనివి’ అని విడిగా రాయండి. ప్రతి వరసలో లాట్ నంబరు ఉండాలి. కొత్త లాట్ వచ్చిన రోజున కిట్‌తో వచ్చే పాజిటివ్, నెగెటివ్ కంట్రోల్ పుల్లలను (ఫలితం ముందే తెలిసిన నమూనాలను) వాడి చూడండి. పెట్టెలో కంట్రోల్ లేకపోతే పంపిణీదారుని అడిగి తెప్పించుకోండి.

ఎంతమంది కావాలి? కనీసం 50 మంది ఆర్టీపీసీఆర్ పాజిటివ్‌లు, 100 మంది నెగెటివ్‌లు. 50లో 45 పట్టుకుంటే 90 శాతం, అసలు విలువ 78 నుంచి 97 మధ్య. ఇంత చేసినా ఇంకా 20 పాయింట్ల వెడల్పు మిగిలింది చూడండి. 20 మందితో తీర్పు చెప్పకూడదని మేం పట్టుబట్టేది అందుకే. 100 మంది నెగెటివ్‌లలో ఒక్క తప్పుడు పాజిటివ్ కూడా రాకపోతే, తప్పు పడే రేటు 3 శాతం కంటే తక్కువని ధైర్యంగా చెప్పవచ్చు. అయితే వచ్చేవాళ్ళలో 5 శాతానికే వ్యాధి ఉన్న కాలంలో 50 పాజిటివ్‌లు దొరకాలంటే 1000 మందిని పరీక్షించాలి. మీ ఒక్క ల్యాబ్‌కి అది తలకు మించిన పని. మలికిపురం, అమలాపురం, పాలకొల్లు వైపు అదే కిట్ వాడే ల్యాబులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఒకే పద్ధతి, ఒకే ఫారం పెట్టుకుని లెక్కలు కలిపితే జరుగుతుంది. జిల్లా ఆరోగ్యాధికారుల ద్వారా వెళితే ఇంకా మంచిది. అది కుదరకపోతే ఈ తూకం జోలికి పోకండి. లాట్ కంట్రోళ్ళు, ఉష్ణోగ్రత పుస్తకం, చేతి శిక్షణ ఈ మూడూ గట్టిగా చూసుకుని, కిట్ సత్తాకు పెద్ద అధ్యయనాల అంకెలనే నమ్మండి.

లెక్క తేలాక ఒక్క శాతం రాసి వదిలేయొద్దు. సీటీ 25 లోపు వాళ్ళలో ఎంత, ఆ పైన ఎంత, లక్షణాల మొదటి 3 రోజుల్లో ఎంత, 4 నుంచి 7 రోజుల్లో ఎంత అని విడదీసి రాయండి. వ్యాధి తగ్గాక కూడా ఆర్టీపీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ చూపించవచ్చు, అప్పటికి ప్రొటీన్ మాయమై ఉంటుంది. అలాంటివాళ్ళు లెక్కలో కలిస్తే కిట్‌ని ఊరికే నిందించినట్టవుతుంది.

రొయ్యల ప్లాంటు విషయానికి వద్దాం. 500 మందీ లక్షణాలు లేనివాళ్ళే, వాళ్ళలో ఒక శాతానికి, అంటే 5 మందికి, సోకిందనుకుందాం. కోక్రేన్ సగటు 58 శాతం ప్రకారం 5లో 3 దొరుకుతారు, 2 జారిపోతారు. సోకని 495 మందిలో స్పెసిఫిసిటీ 99.6 శాతం ఉన్నా సుమారు ఇద్దరికి గీత పడుతుంది. అంటే మీరు పాజిటివ్ అని ఆపేసిన 5 మందిలో ఇద్దరు ఏ వ్యాధీ లేనివాళ్ళు, రోజు కూలి పోగొట్టుకున్నవాళ్ళు. మీరు సర్టిఫికెట్ ఇచ్చి లోపలికి పంపినవాళ్ళలో ఇద్దరు వ్యాధి ఉన్నవాళ్ళు, పీలింగ్ షెడ్డులో పక్కపక్కనే నిలబడేవాళ్ళు. అదే కిట్‌ని జ్వరాలు ముసిరిన రోజుల్లో, వచ్చిన 100 మందిలో 30 మందికి కరోనా ఉన్న క్లినిక్‌లో వాడితే 22 మంది దొరుకుతారు, 8 మంది జారిపోతారు, సోకని 70 మందిలో తప్పుడు పాజిటివ్ దాదాపు ఉండదు. అక్కడ పాజిటివ్ అంటే నమ్మేయచ్చు, నెగెటివ్ వచ్చిన 78 మందిలో మాత్రం 8 మంది, అంటే పదిలో ఒకరు, వ్యాధి ఉన్నవాళ్ళే. కిట్ మారలేదు, వచ్చే జనం మారారు, ఫలితం అర్థం మారిపోయింది.

అందుకని ఒక్క పరీక్షతో ‘కరోనా లేదు’ అని సర్టిఫికెట్ ఇవ్వకండి. ప్లాంటు వాళ్ళకు చెప్పాల్సింది ఇది: ముందు గేటు దగ్గర జ్వరం, దగ్గు, గొంతునొప్పి అడగాలి, ఉన్నవాళ్ళను కూలి కోయకుండా ఇంటికి పంపాలి. కూలి కోస్తే ఎవరూ దగ్గు ఉందని చెప్పరు. పరీక్షలు తప్పనిసరైతే లక్షణాలు లేనివాళ్ళకు 48 గంటల ఎడంతో మూడుసార్లు చేయాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో చెప్పిన పద్ధతి ఇదే, లక్షణాలున్నవాళ్ళకైతే 48 గంటల ఎడంతో రెండుసార్లు. గీత పడినవాళ్ళను వెంటనే విడిగా ఉంచి, ఆర్టీపీసీఆర్‌తో నిర్ధారించుకోవాలి. ఆ ఖర్చు ప్లాంటుదే అని ముందే రాయించుకోండి.

రిపోర్టు మీద ‘నెగెటివ్’ అన్న ఒక్క మాట వదిలేయకుండా, ఇలా రాయండి: ‘యాంటీజెన్ కనిపించలేదు. కరోనా లేదని దీనితో తేల్చలేం. లక్షణాలుంటే 48 గంటల తర్వాత మళ్ళీ పరీక్ష గానీ, ఆర్టీపీసీఆర్ గానీ చేయించుకోవాలి.’ కిట్ పేరు, లాట్ నంబరు, నమూనా రకం, లక్షణాలు మొదలైన తేదీ, చదివిన సమయం కూడా రాయండి. మీ దగ్గరికి పంపే ఆర్ఎంపీలకూ ఈ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ‘నెగెటివ్’ చూసి స్టెరాయిడ్ సూది వేసేవాళ్ళు ఉన్నారు. ఆయాసం ఉన్నా, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ చూపించినా కిట్ ఏం చెప్పినా సరే ముందు ఆసుపత్రికి పంపాలి. వానాకాలం జ్వరానికి డెంగీ, మలేరియా పరీక్షలు యాంటీజెన్ నెగెటివ్ వచ్చాక కాదు, దాంతోపాటే చేయాలి.

గడువు దాటిన కిట్లు మిగిలి ఉంటే రోగులకు వాడకండి. కొత్తగా చేరినవాళ్ళకు చుక్కలు వేయడం, గొట్టం పిండడం, సమయం రాయడం నేర్పడానికి వాటిని విడి పెట్టెలో, మీద ఎర్ర సిరాతో ‘శిక్షణకు’ అని రాసి ఉంచుకోండి.